మీట నొక్కుటకు ముందు

వేసవి పరీక్షలు సమీపించు దినములలో, సాంఖ్యకశాస్త్రమును ప్రధాన విషయముగా చదువు బి.యస్సీ. విద్యార్థికిని, పరిశోధన పద్ధతులలో ఒక అధ్యాయముగా దానిని చదువు బి.కాం., ఎం.బి.ఎ., బి.ఫార్మసీ విద్యార్థులకును, హైదరాబాదులోను దుబాయిలోను సింగపూరులోను ఐ.బి. పాఠశాలలలో గణితము నభ్యసించు మన పిల్లలకును ఉమ్మడిగా ఎదురగు ప్రశ్న యొకటి కలదు. ఒక పట్టిక నిత్తురు. అందు కొన్ని అడ్డు వరుసలు, కొన్ని నిలువు వరుసలు ఉండును. ఈ రెంటికిని సంబంధము కలదో లేదో 5 శాతము సార్థకతా స్థాయిలో పరీక్షింపుమందురు. అదియే కై-వర్గ పరీక్ష; తరగతి గదిలో అందరును పలుకు మాటలో కై-స్క్వేర్ టెస్టు. ఇది తప్పక వచ్చు ప్రశ్న యను నమ్మకముతో సూత్రమును కంఠస్థము చేసి, క్యాలిక్యులేటరును జేబులో నుంచుకొని, మిగిలినదంతయు యంత్రమే చూచుకొనునను ధైర్యముతో విద్యార్థులు పరీక్షాశాలకు పోవుచుందురు.

యంత్రమును నమ్ముకొనుట దోషము కాదు. కాని ఈ పరీక్షలో యంత్రము వంతునకు వచ్చునది నడుమనున్న కూడికలు, గుణకారములు, భాగహారములు మాత్రమే. వానికి ముందు జరుగవలసిన ఆలోచనయు, వాని తరువాత పలుకవలసిన తీర్పును సంపూర్ణముగా విద్యార్థివే. మార్కులు పోవునది అచ్చటనే. ఈ పరీక్షను లోకమున కొసగిన మహాశయుడు సైతము పొరపడినది అచ్చటనే. ఆ కథ ముందుకు రాగలదు. మొదట ఒక లెక్కను చేతితో చేసి చూతము.

టీకా వేయించుకొన్నవారు, వేయించుకొననివారు

1915లో మేజర్ గ్రీన్‌వుడ్, ఉడ్నీ యూల్ అను ఇరువురు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు టైఫాయిడు టీకా వలన సైనికులకు రక్షణ కలుగుచున్నదా యను విషయమును విచారించుచు ప్రకటించిన పట్టిక యొకటి, పిమ్మట రోనాల్డ్ ఫిషర్ తన గ్రంథములో ఉదాహరణగా గ్రహించుటచే, సాంఖ్యకశాస్త్రములో ప్రసిద్ధి నొందినది. టీకా వేయించుకొన్న 6,815 మందిలో 56 మందికి జ్వరము సోకినది, 6,759 మందికి సోకలేదు. వేయించుకొనని 11,668 మందిలో 272 మందికి సోకినది, 11,396 మందికి సోకలేదు. మొత్తము 18,483 మందిలో జ్వరపీడితులు 328 మంది. మన పాఠ్యపుస్తకములలో కనిపించు క్వినైను–మలేరియా లెక్కయు ఈ కోవకు చెందినదే.

ఇచ్చట మొదటి పని లెక్క కాదు, వాక్యము. టీకాకును జ్వరము సోకుటకును ఎట్టి సంబంధమును లేదని ముందుగా అనుకొనవలయును. దీనినే శూన్య పరికల్పన యందురు. మన విద్యార్థుల నోట నల్ హైపోథీసిస్. "సార్, నల్ ఏది రాయాలి, ఆల్టర్నేటివ్ ఏది రాయాలి?" అని యడుగని తరగతి యుండదు. సమాధానము సులభము. ఏ వాక్యమును ఆధారము చేసికొని సంఖ్యలను కట్టగలమో అదియే శూన్య పరికల్పన. సంబంధము కలదన్నచో అది యెంతటిదో తెలియదు గనుక ఏమియు కట్టజాలము. సంబంధము లేదన్నచో ప్రతి గడిలోను ఎంతమంది యుండవలయునో కచ్చితముగా చెప్పగలము.

ఆ చెప్పగలుగుటలోనే ఈ పరీక్ష యొక్క ప్రాణమున్నది. టీకాకు ప్రభావమే లేదన్నచో, జ్వరము సోకిన 328 మందియు టీకా వేసికొన్నవారి మధ్యను వేసికొననివారి మధ్యను వారి వారి జనసంఖ్యల నిష్పత్తిలోనే పంపిణీ కావలయును. కావున అడ్డు వరుస మొత్తము 6,815ను నిలువు వరుస మొత్తము 328తో గుణించి, మహా మొత్తము 18,483తో భాగించినచో 120.94 వచ్చును. టీకా వేసికొన్నవారిలో 121 మందికి జ్వరము వచ్చియుండవలసినది. వచ్చినది 56 మందికి మాత్రమే. మొదటి గడి తెలియగనే, వరుసల మొత్తములు స్థిరములు గనుక, తక్కిన మూడును తీసివేతలచేతనే తేలును: 6,694.06, 207.06, 11,460.94.

ఇప్పుడొక విశేషమును గమనింపవలయును. నాలుగు గడులలోను చూచిన సంఖ్యకును ఆశించిన సంఖ్యకును గల భేదము ఒక్కటే, 64.94, రెండుచోట్ల ఎక్కువ, రెండుచోట్ల తక్కువ. ఐనను ఆ భేదమును వర్గము చేసి ఆశించిన సంఖ్యతో భాగించినప్పుడు నాలుగు గడులును వరుసగా 34.87, 0.63, 20.37, 0.37 చొప్పున ఫలిత మిచ్చుచున్నవి. పది రూపాయల వస్తువుమీద అయిదు రూపాయలు పెరిగినచో ఇల్లాలు అంగడివానిని నిలదీయును, వేయి రూపాయల వస్తువుమీద పెరిగినచో గమనింపనే గమనింపదు; భాగహారము చేయు పని యదియే. 121 మందిని ఆశించినచోట 65 మంది తగ్గుట గొప్ప విషయము, 6,694 మందిని ఆశించినచోట 65 మంది పెరుగుట స్వల్ప విషయము. సూత్రమును కంఠస్థము చేసినవారిలో ఎందరు ఈ భాగహారమునకు కారణమును చెప్పగలరో అధ్యాపకులొకసారి అడిగి చూడవలయును.

నాలుగింటిని కూడగా వచ్చునది 56.23; ఇదియే కై-వర్గము. పైన రెండు దశాంశములకు కుదించిన సంఖ్యలను కూడినచో 56.24 వచ్చును, నడుమ కుదించుటవలన కలుగు లోపమిది. మన డిగ్రీ పరీక్షలలో అనుమతించు సాధారణ క్యాలిక్యులేటరుతోనైనను దీనిని తప్పించుకొనవచ్చును. ముందుగా మెమొరీని శూన్యము చేసి, ప్రతి గడికిని భేదమును వర్గించి, ఆశించిన సంఖ్యతో భాగించి, వచ్చిన ఫలితమును కాగితము మీద కుదించి వ్రాసికొని తిరిగి కొట్టుటకు బదులు 'ఎం ప్లస్' మీట నొక్కుచు పోయి, చివరకు 'ఎం.ఆర్.' నొక్కినచో మొత్తము సంపూర్ణమైన దశాంశములతో వచ్చును. పరీక్షకుని కొరకు పట్టికలో రెండు దశాంశములు వ్రాసిన చాలును. మెమొరీలో ముందు లెక్క శేషము మిగిలిపోయెనేని ఇంత శ్రమయు వ్యర్థము. అది పరీక్షాశాలలో తరచుగా జరుగు ప్రమాదము.

ఇంకొక సౌలభ్యము కలదు. చూచిన ప్రతి సంఖ్యను వర్గించి, ఆశించిన సంఖ్యతో భాగించి, అన్నిటిని కూడి, అందుండి మొత్తము జనసంఖ్యను తీసివేసినను ఇదే ఫలము వచ్చును. తీసివేతలు నాలుగింటికి బదులు ఒక్కటి. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు గల పట్టికకు మాత్రమే చెల్లు మరియొక సూత్రమును విద్యార్థులు మిక్కిలి ఇష్టపడుదురు. మూలల లబ్ధముల భేదమును వర్గించి, మొత్తముతో గుణించి, నాలుగు వరుస మొత్తముల లబ్ధముతో భాగింపవలయునన్న సూత్రమది. మన పట్టికలో ఆ భేదము 12,00,272. దాని వర్గము 13 అంకెల సంఖ్య. 12 అంకెల క్యాలిక్యులేటరు దానిని పట్టజాలక 'ఈ' అను అక్షరమును చూపి నిలిచిపోవును. అప్పుడు భయపడ పనిలేదు. ఒక గుణకారము, ఒక భాగహారము చొప్పున మార్చి మార్చి చేయుచు పోయినచో సంఖ్య ఎన్నడును హద్దు మీరదు.

యంత్రము అడుగని ప్రశ్నలు

ఐ.బి. విద్యార్థి చేతిలోనిది గ్రాఫులు గీయు క్యాలిక్యులేటరు. టి.ఐ-84 వంటి యంత్రములో చూచిన సంఖ్యలను 'ఎ' అను మ్యాట్రిక్సులో నింపి, 'స్టాట్' మీట నొక్కి, 'టెస్ట్స్' వరుసలో కై-స్క్వేర్ టెస్టును ఎన్నుకొనినచో, క్షణములో మూడు సంఖ్యలు తెర మీద నిలుచును: కై-వర్గము, పీ-వేల్యూ (శూన్య పరికల్పన నిజమైనచో ఇంతటి భేదము గాని అంతకు మించినది గాని యాదృచ్ఛికముగా కలుగు సంభావ్యత), డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్. ఆశించిన సంఖ్యలను యంత్రమే కట్టి 'బి' అను మ్యాట్రిక్సులో దాచియుంచును. వానిని వ్రాయుమని ప్రశ్నలో నున్నచో అచ్చటికి పోయి తెరచి చూడవలయును. ఎంతటి సౌకర్యము! కాని పై టైఫాయిడు పట్టికకు ఆ యంత్రము చూపు పీ-వేల్యూను చూడుడు. మొదట 6.4 అని యుండును. దాని అంకెల తోక చివర 'ఈ' అక్షరమును, మైనస్ 14ను ఉండును. దశాంశ బిందువు తరువాత 13 సున్నలు గడచిన పిదప వచ్చు 64 అని దాని యర్థము. తొందరలో నున్న విద్యార్థి తోకను చూడక 6.4 అని వ్రాసికొని, అది 0.05 కంటె ఎక్కువ గనుక శూన్య పరికల్పనను త్రోసిపుచ్చజాలమని తీర్మానించును. సంభావ్యత ఏనాడును 1ని మించదను చిన్న జ్ఞానము మనస్సులో నిలిచియుండెనేని ఆ పొరపాటు జరుగదు. ఆ జ్ఞానమును యంత్రము గుర్తుచేయదు.

అంతకంటె ప్రమాదకరమైనది మరియొకటి కలదు. పట్టికలో సంఖ్యలకు బదులు శాతములు నింపుట. టీకా వేసికొన్నవారిలో జ్వరము సోకినది 0.82 శాతము, వేసికొననివారిలో 2.33 శాతము. ఈ శాతములనే నాలుగు గడులలో నింపి మీట నొక్కినచో యంత్రము ఏ అభ్యంతరమును చెప్పక, 0.735 అను కై-వర్గమును చూపును. 5 శాతము స్థాయిలో దాటవలసిన విలువ 3.841. అనగా టీకాకును జ్వరమునకును సంబంధము కలదనుటకు ఆధారము లేదని తేలును! పదునెనిమిది వేల మందిని పరిశీలించి సంపాదించిన సాక్ష్యమును ఇన్నూరు మంది సాక్ష్యముగా మార్చివేసితిమి. యంత్రమునకు ఆ భేదము తెలియదు. కై-వర్గ పరీక్ష మనుష్యులను, వస్తువులను, సంఘటనలను లెక్కించిన సంఖ్యలతోనే సాగవలయును గాని, శాతములతోను సగటులతోను సాగరాదు.

ఆశించిన సంఖ్య ఏ గడిలోను మరీ చిన్నదై, అనగా 5 కంటె తక్కువై, యుండరాదను నియమమును యంత్రము పాటింపజేయదు. ఇది చూచిన సంఖ్యను గూర్చిన నియమము కాదు, ఆశించిన సంఖ్యను గూర్చినది. సగము మంది ఇచ్చటనే తడబడుదురు. అట్టి గడులున్నచో పక్క తరగతితో కలుపవలయును, కలిపినప్పుడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ తగ్గించుకొనవలయును. రెండు వరుసల పట్టికలో కలుపుటకు చోటు లేనప్పుడు మన డిగ్రీ పరీక్షలలో 1934లో ఫ్రాంక్ యేట్స్ ప్రతిపాదించిన సవరణను వాడుదురు.

పియర్సన్ పొరపడినచోట

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనినంతనే విద్యార్థులకు కలుగు విసుగును ఎరుగని అధ్యాపకుడు లేడు. దీని చరిత్ర తెలిసినచో ఆ విసుగు గౌరవముగా మారునని నా విశ్వాసము.

1900లో లండను యూనివర్సిటీ కాలేజీ ఆచార్యుడు కార్ల్ పియర్సన్ ఫిలసాఫికల్ మ్యాగజీను అను పత్రికలో ఈ పరీక్షను ప్రకటించెను. ఆయన మిత్రుడు వెల్డన్ 12 పాచికలను 26,306 మారులు వేయించి సేకరించిన ఫలితములు అందలి ఉదాహరణలలో నొకటి. మొత్తము 3,15,672 పాచికలలో 5 గాని 6 గాని పడినవి 1,06,602. మూడవ వంతు పడవలసినచోట కించిత్తు ఎక్కువ పడినవి, ఆ కించిత్తు కేవలము యాదృచ్ఛికము కాదని పియర్సన్ తేల్చెను. అంతకు పూర్వము సిద్ధాంతము అనుభవముతో పొసగినదా యను ప్రశ్నకు కంటితో చూచి పొసగినట్లున్నదని చెప్పుటయే గాని, ఇంత భేదము యాదృచ్ఛికముగా కలుగుటకు అవకాశమెంత యని సంఖ్యతో చెప్పు సామాన్య పద్ధతి లేకుండెను. ఇరువదవ శతాబ్దపు విజ్ఞానశాస్త్రము ఆ వ్యాసమునకు ఎంతయో ఋణపడియున్నది.

పియర్సన్ ప్రయోగశాలలో చేతితో త్రిప్పు బ్రన్స్‌విగా గణనయంత్రములు ఉండెను. లెక్కలలో అంత శ్రద్ధ వహించిన సంస్థ ఆనాడు అరుదు. ఐనను కంటింజెన్సీ పట్టికల విషయమున ఆయన ఒకచోట తప్పినాడు. రెండు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు గల పట్టికలో గడులు నాలుగు గనుక స్వేచ్ఛగా మారగలవి, అనగా డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, మూడని ఆయన భావించెను. వరుసల మొత్తములను ఆ దత్తాంశముల నుండియే మనము గ్రహించితిమి గనుక, ఒక్క గడి తెలిసినంతనే తక్కినవి తేలిపోవునని, కావున స్వేచ్ఛ ఒక్కటేయని, 1922లో యువకుడైన ఫిషర్ నిరూపించెను. పియర్సన్ అంగీకరింపలేదు, వివాదము తీవ్రముగా నడచినది. చివరకు నిలిచినది ఫిషర్ వాదము. మనము 120.94ను కట్టిన పిమ్మట తక్కిన మూడు సంఖ్యలను తీసివేతలచేత తెచ్చుకొనలేదా? ఫిషర్ చెప్పినది ఆ అనుభవమునే.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. స్వేచ్ఛ మూడన్నచో దాటవలసిన విలువ 7.815, ఒకటన్నచో 3.841. ఏదేని పట్టికకు కై-వర్గము 5 వచ్చెననుకొందము. పియర్సన్ లెక్కన సంబంధము రుజువు కాలేదు, ఫిషర్ లెక్కన అయినది. ఆ నడుమ గడచిన 22 ఏండ్లలో కూడికలు సరిగా చేసి తీర్పులు తప్పుగా చెప్పిన వ్యాసములు ఎన్ని యుండునో ఊహింపవచ్చును. బ్రన్స్‌విగా యంత్రము తప్పు చేయలేదు. దానికి ముందు జరుగవలసిన ఆలోచనలో లోపమున్నది. అడ్డు వరుసలలో ఒకటి తగ్గించి, నిలువు వరుసలలో ఒకటి తగ్గించి, ఆ రెంటిని గుణింపుమని నేడు పుస్తకములో ఒక పంక్తిలో ఉన్న సూత్రము అంతటి సంఘర్షణచేత వచ్చినది.

గుడ్‌నెస్ ఆఫ్ ఫిట్ లెక్కలలో, అనగా చూచిన సంఖ్యలు ఒక సిద్ధాంతముతో పొసగుచున్నవో లేదో పరీక్షించు లెక్కలలో, ఈ భాగము ఇంకను సున్నితము. నిష్పత్తి ప్రశ్నలోనే ఇచ్చినచో తరగతుల సంఖ్యలో ఒకటి తగ్గించిన చాలును. పాయిజాన్ విభాజనము యొక్క సగటును మనమే దత్తాంశముల నుండి కట్టుకొన్నచో మరియొకటి తగ్గింపవలయును. గ్రాఫుల క్యాలిక్యులేటరు ఈ పరీక్షలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను మననే అడుగును. మనము ఏ సంఖ్యనిచ్చిన దానినే నమ్మును.

మిక్కిలి చక్కగా పొసగిన లెక్క

1865లో బ్రన్ పట్టణమున గ్రెగర్ మెండెల్ చదివి, మరుసటి ఏడు ప్రకటించిన బఠాణీ మొక్కల ప్రయోగములు ఈ పరీక్షకు నిత్యోదాహరణములు. 556 గింజలలో గుండ్రని పసుపు 315, ముడుతల పసుపు 101, గుండ్రని ఆకుపచ్చ 108, ముడుతల ఆకుపచ్చ 32. ఆశించిన నిష్పత్తి 9:3:3:1. ఆశించిన సంఖ్యలు 312.75, 104.25, 104.25, 34.75, కై-వర్గము 0.47 మాత్రమే. స్వేచ్ఛ 3, దాటవలసిన విలువ 7.815, పీ-వేల్యూ 0.925. సిద్ధాంతమునకు భంగము లేదని విద్యార్థి సంతోషముతో వ్రాసి ముగించును. పరీక్షకు అంతే కావలసినది.

ఫిషర్ అచ్చట ఆగలేదు. మెండెల్ ప్రయోగములన్నిటిని చేర్చి 1936లో తిరిగి లెక్కించి చూడగా, స్వేచ్ఛ 84 ఉన్నచోట కై-వర్గము 41.6 మాత్రమే వచ్చినది. సామాన్యముగా 84కు దగ్గరగా రావలసినది అది. సిద్ధాంతము సంపూర్ణముగా నిజమే యైనను, ఇంత దగ్గరగా పొసగుట లక్షలో ఏడు పర్యాయములకు మించి జరుగదు. ఏమి ఆశింపవలయునో చక్కగా ఎరిగిన సహాయకుడెవరో సంఖ్యలను సవరించి యుండవచ్చునని ఫిషర్ శంకించెను. ఆ చర్చ నేటికిని శాంతింపలేదు. మెండెల్ సూత్రములు సత్యములను విషయమున ఎవరికిని సందేహము లేదు. కాని కై-వర్గము పెద్దదైనప్పుడే కాక మరీ చిన్నదైనప్పుడును ప్రశ్నింపవలయునని తోచుటకు మనుష్యుడు కావలసివచ్చెను. యంత్రము కుడి తోకను, అనగా పెద్ద విలువల వైపును, మాత్రమే కొలిచి చూపును.

ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందినవాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావు. అదే సంవత్సరమున ఆయన ప్రకటించిన స్కోర్ పరీక్ష ఎంత విశాలమైనదనగా, పియర్సన్ కై-వర్గము అందొక ప్రత్యేక సందర్భముగా ఇమిడిపోవును. నూట రెండేండ్లు జీవించి 2023లో గతించిన ఆ మహనీయుని పేరు మన సాంఖ్యక తరగతులలో ఈ అధ్యాయము చెప్పునప్పుడు వినిపింపకపోవుట నాకు బాధ కలిగించుచున్నది.

చివరి వాక్యము

కై-వర్గము దాటవలసిన విలువను మించినచో శూన్య పరికల్పనను త్రోసిపుచ్చుదుము. మించనిచో దానిని త్రోసిపుచ్చుటకు చాలినంత ఆధారము లేదందుము. శూన్య పరికల్పన నిజమని రుజువైనదని మాత్రము అనరాదు. నేరము రుజువు కానంతనే నిరపరాధిత్వము రుజువైనదనుకొనుట న్యాయస్థానములో ఎట్లు పొసగదో ఇచ్చటను అట్లే. తీర్పును అంకెలతో ముగింపక, టీకాకును టైఫాయిడు సోకుటకును సంబంధము కలదనుటకు 5 శాతము స్థాయిలో ఆధారము కలదని ప్రశ్నలోని మాటలతో వ్రాసిననే అది పూర్ణమగును.

టీకాయే రక్షించినదని కూడ అంతటితో చెప్పరాదు. గ్రీన్‌వుడ్, యూల్ ఈ విషయమున ఎంతయో జాగ్రత్త వహించిరి. ఇరు పక్షములవారును అన్ని విధముల సమానులై యుండవలయుననియు, వ్యాధికి సమానముగా గురియై యుండవలయుననియు, టీకా వేయించుకొన్నాడను నిర్ణయమును జ్వరము వచ్చినదను నిర్ణయమును ఒకదానిపై నొకటి ఆధారపడి యుండరాదనియు వారు షరతులు విధించిరి. ఈ షరతులు నెరవేరినవో లేదో 56.23 చెప్పజాలదు, ఆ సైనికులను ఎట్లు ఎన్నుకొనిరో విచారించినవాడే చెప్పగలడు.

అధ్యాపకులకు నా విన్నపమొకటి: విద్యార్థి చేతికి యంత్రము నిచ్చుటకు ముందు ఒక పట్టికనైనను ఆశించిన సంఖ్యలతో సహా కాగితము మీద కట్టింపుడు. విద్యార్థులకు మెండెల్ దత్తాంశములలోని మరియొక లెక్క ఇచ్చుచున్నాను. గుండ్రని గింజలు 5,474, ముడుతల గింజలు 1,850, ఆశించిన నిష్పత్తి 3:1. శూన్య పరికల్పనను వాక్యముగా వ్రాసి, ఆశించిన సంఖ్యలను కట్టి, ఎంత స్వేచ్ఛయో కారణముతో నిర్ణయించి, అటు తరువాత మీట నొక్కుడు. కై-వర్గము 0.263 రావలయును.